బిస్కెట్ క్లచ్ కాల్చిందెవరు అల్లుడుగారూ?

నిద్ర నటించకండి అల్లుడుగారూ! రెప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి, నాకు కనపడుతూనే ఉంది. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేమంటారు. నేను లేపుతా. ఈ గదిలో రెండు కుర్చీలున్నాయి, ఒకదాంట్లో నేనూ ఇంకోదాంట్లో నా సంచీ కూర్చుంటాం. మాకేం తొందర లేదు.

ఆ, తెరిచారు. సంతోషం.

రెనీ కింద కాఫీ కోసం వెళ్ళింది. నేనే పంపించా, మీ ఆయన్ని నేను చూసుకుంటాలే పొమ్మని. నా కూతురి సంగతి మీకు తెలియందా? కాఫీ లైన్లో పక్కవాళ్ళతో మాటల్లో పడిందంటే ఇప్పట్లో రాదు. మీ పిల్ల టీగన్ బయట బెంచీ మీద కూర్చుంది. లోపలికి రానంటే రానంది. ఎందుకు రానందో చెబుతా, దానికోసమేగా నేను ఎడ్మంటన్ దాకా ట్రక్కు తోలుకొచ్చింది.

ముందు ఇది తాగండి. బీట్‌రూట్ చారు, ముక్క లేకుండా వడగట్టి తెచ్చా. మీకు బంగాళదుంప కూరి ఉడికించే పెరోగీలంటే ప్రాణం కదా, పాపం అనుకుని అవి కూడా మిక్సీలో వేసి తిప్పి చూశా. గోడకి కొట్టే సున్నంలా తయారైంది. కుక్కకి పెడితే వాసన చూసి వెళ్ళిపోయింది.

నెలన్నర దాకా దవడకి ఆ తీగలు విప్పరట కదా? డాక్టరమ్మ చెప్పింది. నాకు నవ్వాగలేదు, ఏమనుకోకండి. మా ఇంటి అల్లుడు నెలన్నరపాటు నోరు మూసుకుని ఉండటం! ఆ మాట వింటే మా ఆయన సమాధిలోంచి లేచొచ్చి చప్పట్లు కొట్టేవాడు.

ఫోనెందుకిప్పుడు? టైపు చేస్తారా? చెయ్యండి, చెయ్యండి. నా కళ్ళజోడు ట్రక్కులో మర్చిపోయా, ఏం రాశారో నాకు కనపడదు.

నెత్తి మీదుందా? ఇది ఎండకి పెట్టుకునేది. పెట్టండా ఫోను అవతల. ఇవాళ మాట్లాడేది నేను.

ఇదిగో, ఇదేంటో చెప్పండి చూద్దాం. జాగ్రత్త, దుప్పటికి మసి అంటుకుంటుంది. గుర్తు పట్టలేదా? అయ్యో! ఫోర్ట్ మెక్‌మరీ గనుల్లో నాలుగొందల టన్నుల ట్రక్కు తోలే మొనగాడు, ఒక్కో టైరూ మా ఇంటి చూరుకంటే ఎత్తు, అంతటి మనిషికి తన కూతురి బొమ్మ బండి క్లచ్ ముక్క తెలీదూ?

బిస్కెట్‌ది. ఆ ఎర్ర నాలుగు చక్రాల బండికి టీగనే పెట్టుకున్న పేరు. పోయిన పుట్టినరోజుకి మీరే కొనిచ్చారుగా, "మా అమ్మాయి కూడా మాతోపాటు కొండల్లోకి రావాలి" అని. అప్పుడు నేను మెచ్చుకున్నాను కూడా. నిజం. మిమ్మల్ని మెచ్చుకున్న సందర్భాలు నాకు బాగా గుర్తుంటాయి, ఎక్కువ లేవు కాబట్టి.

నేనే విప్పా. గరాజులో కూర్చుని, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే. అత్తగారికి క్లచ్ సంగతి ఏం తెలుసులే అనుకున్నారేమో. నా చెట్లు కోసే మిషన్‌లో ఉన్నదీ ఇదే రకం నాయనా, కాస్త చిన్నది, అంతే. మా ఆయన పోయాక మా పొలం గట్టున పడ్డ చెట్లన్నీ కోసింది ఎవరు? మీరా? మీరొచ్చి బీరు తాగుతూ "అటు కొయ్యి, ఇటు కొయ్యి" అన్నారు.

ఇందులో బ్రహ్మవిద్యేం లేదు. గిన్నెలాంటి డబ్బా, లోపల షూలనే రెండు రాపిడి ముక్కలు, వాటిని లోపలికి లాగి పట్టుకునే స్ప్రింగులు. ఇంజను మెల్లగా తిరిగినంతసేపూ షూలు లోపలే ఉంటాయి, బండి కదలదు. వేగం పెంచితే అవి బయటికి విచ్చుకుని గిన్నెని పట్టుకుంటాయి, బండి కదులుతుంది. వదిలేస్తే స్ప్రింగులు మళ్ళీ లోపలికి లాక్కుంటాయి. అంతే. చిన్నపిల్లల బరువుకి చేసిందది. టీగన్ బరువెంత? నీళ్ళలో తడిసిన పిల్లికూన. మీ బరువెంత? చెప్పకండి, మంచం వింటుంది.

గిన్నె నీలంగా మారింది. ఇనుము నీలంగా మారాలంటే ఎంత కాగాలో మీకు చెప్పాలా? స్ప్రింగు ఒకటి తెగి ఊడింది, ఇంకోటి సాగి పురికొస అయింది. ఈ షూ చూడండి, గోకితే రాలుతోంది, మాడిన రొట్టెలాగా. పిల్లికూన ఆ బండిని పదేళ్ళు తోలినా గిన్నెకి ఆ రంగు రాదు.

అటు తిరక్కండి. కిటికీలో ఏం లేదు, పార్కింగే.

సరే, నేను చూసింది నేనే చెబుతా, ఎక్కడైనా తప్పుంటే చెయ్యెత్తండి. మే నెలలో ఆ మూడు రోజుల సెలవు. ఎప్పట్లాగే అందరూ ట్రక్కుల వెనక పడుకునే ట్రైలర్లు కట్టుకుని కొండల్లోకి పోయాం, ఎప్పట్లాగే మంచు పడింది, ఎప్పట్లాగే "ఈసారి పడదనుకున్నామే" అని అందరూ ఆశ్చర్యపోయారు. శనివారం మధ్యాహ్నం ఆడాళ్ళందరూ పిల్లల్ని వేసుకుని అడవి గుర్రాల్ని చూడ్డానికి వెళ్ళారు. నేను మంట దగ్గర కుర్చీ వేసుకుని పెరోగీలు చుడుతున్నా. మగాళ్ళు మీరు మాత్రం ఉన్నారు. మగాళ్ళు అనకూడదు లెండి. గడ్డాలొచ్చిన పిల్లలు.

పిల్లల బండ్లు నాలుగూ వరసగా పెట్టి, వాటి మీద మోకాళ్ళు చెవులదాకా ముడుచుకుని కూర్చున్నారు. నాన్నల రేసట! ఏటా ఉండేదేగా ఆ సంబరం. "లుబా ఆంటీ, నువ్వే విజిల్ వెయ్యాలి" అని మీ దోస్తు ఆ కోడీ అరిచాడు. వేశా. ఎందుకు వెయ్యను? నవ్వాను కూడా, పొట్ట పట్టుకుని. కుక్కపిల్ల మీద ఏనుగెక్కినట్టు ఉన్నారు మీరు.

కానీ అల్లుడుగారూ, విజిల్ వెయ్యకముందు మీరేం చేశారు? ఒక చేత్తో బ్రేకు నొక్కి పట్టి రెండో చేత్తో యాక్సిలరేటరు చివరిదాకా నొక్కారు. ఎగిరి దూకుతుందని! అది క్లచ్చు నాయనా, విల్లు కాదు. లోపల షూలు గిన్నెని రాసుకుని రాసుకుని మాడిపోతున్నాయి. విజిల్ వేశాక కూడా మీ బరువుకి బండి కదిలితేగా? మిగతావాళ్ళు చుట్టు తిరిగొచ్చేశారు, మీరింకా మంట దగ్గరే పొగలో ఉన్నారు. నా పెరోగీలకి అంటిన ఆ కంపు ఎంత కడిగినా పోలేదు.

అక్కడితో దిగి నవ్వేసి ఊరుకోవచ్చు. ఊరుకున్నారా? "ఆ ట్రెంట్‌గాడి బండికి కాళ్ళు లేవు" అన్నాడు కోడీ. దాంతో మీకు రోషం. మళ్ళీ ఒక రేసు. మళ్ళీ ఇంకోటి! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ప్రతిసారీ దిగి బండి చుట్టూ తిరిగి "చెయిను బిగుసుకుపోయింది, టైర్లో గాలి లేదు" అని ఒకటే సణుగుడు.

సాయంత్రం పిల్లలొచ్చారు. టీగన్ బండెక్కింది, దిగింది. "నాన్నా, బిస్కెట్ కీచుమంటోంది, కదలట్లేదు" అంది. మీరేమన్నారు? "నేను చూస్తాలే బంగారం." చూశారు. చెయినుకి కొట్టే నూనె స్ప్రే తీసుకెళ్ళి క్లచ్ గిన్నెలో కొట్టారు! బ్రేకు పట్టకపోతే బ్రేకుకి వెన్న రాసినట్టు. అది ఇంకా జారింది. జారిందని ఇంజను వేగం పెంచే ఆ స్క్రూ ఉంటుందే, దాన్ని తిప్పి పెట్టారు. కదిలింది. "చూశావా, నాన్న బాగుచేశాడు" అన్నారు. అది మెడ పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

చెయ్యెత్తలేదు. అంటే ఇంతవరకూ తప్పేం లేదన్నమాట.

ఇక మర్యాదలు చాలు ట్రెంట్. ఈ మీరూ గారూ ఎక్కువసేపు నా నోట్లో నిలవవు.

ఆదివారం పొద్దున్న నువ్వు మంట ముందు గొంతుక్కూర్చుని పొయ్యి ఊదుతున్నావు. వెనకాల పిల్ల నువ్వు నేర్పినట్టే అన్నీ చేసింది. హెల్మెట్ పెట్టుకుంది, గ్లౌజులు వేసుకుంది. బండి చేయిదాటితే ఇంజను ఆగిపోవడానికి ఆ ఎర్ర తాడుంది చూడు, అది మణికట్టుకి తగిలించుకుంది. బండి పక్కన నించుని స్టార్టరు తాడు లాగింది. ఎక్కనైనా ఎక్కలేదు. మామూలుగా అయితే బండి అక్కడే నించుని డుగుడుగుమంటుంది. స్ప్రింగు తెగి ఉందిగా, స్క్రూ తిప్పి ఉందిగా, ఇంకేముంది, తాడు లాగగానే దూకింది. అలికిడికి నువ్వు వెనక్కి తిరిగావు. తిన్నగా దవడ మీద.

ఆ తాడు దాని చేతికి లేకపోతే బండి నిన్నెక్కి మంటలోకి పోయేది. తెలుసా? తాడు పీకింది, ఇంజను ఆగింది. నీ కూతురు నిన్ను బతికించింది ట్రెంట్. ఏడేళ్ళ పిల్ల.

రెనీ పరుగెత్తుకొచ్చి "ఏమైంది, ఏమైంది" అంటే నువ్వు, నోరంతా రక్తం పెట్టుకుని, ఎవరి వైపు చూపించావు?

అదీ నొప్పిలో చేశావంటే క్షమించేదాన్ని. నొప్పిలో మనిషి ఏం చేస్తాడో వాడికే తెలీదు. కానీ కుట్లు వేశాక, మందిచ్చాక, తీరిగ్గా ఫోను తీసి రెనీకి ఏం పంపావు? "ఆ స్క్రూ టీగనే తిప్పి ఉంటుంది, ఎన్నిసార్లు చెప్పా ముట్టుకోవద్దని." నాకు చూపించింది నా కూతురు. అప్పుడు నా కళ్ళజోడు నా దగ్గరే ఉంది.

ఎందుకు చేశావో నాకు తెలుసులే. నిరుడు ట్రాంపొలిన్ మీద గెంతి చింపావు. అంతకుముందు దాని మంచుబండి మీద నించుని జారి ముక్కలు చేశావు. "ఇంకోసారి పిల్ల వస్తువు విరగ్గొట్టావంటే ట్రైలర్ అమ్మేస్తా, కొండలూ లేవు, కోడీ లేడు" అని రెనీ చెప్పేసింది. పైగా గనిలో నీ తోటివాళ్ళకి తెలిస్తే? నాలుగొందల టన్నులవాణ్ణి బొమ్మ బండి కొట్టిందంటే? తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడకి గడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. వాడు నయం. దూడని నిందించలేదు.

రెనీ అడిగింది పిల్లని, "స్క్రూ తిప్పావా?" అని. గట్టిగా కూడా అడగలేదు. అది చాలాసేపు ఆలోచించి "తెలీదు" అంది. అప్పుడెప్పుడో నువ్వు చూపిస్తుంటే ఒకసారి వేలు పెట్టిందట. అంతే, ఆ వేలే నిన్ను ఇక్కడ పడుకోబెట్టిందని నమ్మేసింది.

ఇప్పుడు విను, దీనికోసమే వచ్చా. నీ కూతురు అన్నం తినట్లేదు. తినట్లేదంటే పస్తులుంటోందని కాదు, స్ట్రాతో తాగుతోంది. నీకు చేసిన చారే దానికీ కావాలంటుంది. రొట్టె ముక్క ఇస్తే తల అడ్డంగా ఊపుతుంది. పళ్ళు బిగబట్టి మాట్లాడుతోంది ట్రెంట్, నువ్వు మాట్లాడాలంటే ఎలా మాట్లాడాలో అలాగ. మొదట ఆడుకుంటోందనుకున్నా. తర్వాత తలుపు సందులోంచి చూశా, అద్దం ముందు నించుని దవడ మీద తనే గుద్దుకుంటోంది. నీకు ఎంత నొప్పి పుట్టిందో చూస్తోందట.

ఏం, ఇప్పుడు కళ్ళెందుకు మూస్తావు? చూడు ఇటు.

హెల్మెట్, గ్లౌజులు అట్టపెట్టెలో పెట్టి టేపు వేసేసింది. బిస్కెట్ మీద దుప్పటి కప్పింది. గరాజులోకి రమ్మంటే రాదు.

నేను చెప్పలేదనుకున్నావా? చెప్పా! క్లచ్ విప్పి ముందు పెట్టుకుని, ఈ షూ దాని అరచేతిలో పెట్టి, "ఇది చూడమ్మా, మీ నాన్న రేసులో కాల్చాడు, మీ నాన్న స్క్రూ తిప్పాడు, నీ తప్పు ఆవగింజంత లేదు" అని అరగంట చెప్పా. అంతా విని ఏమందో తెలుసా? పళ్ళు బిగబట్టి, "నాన్న అబద్ధం చెప్పడు అమ్మమ్మా" అంది.

నన్ను నమ్మలేదు ట్రెంట్. నిన్ను నమ్మింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. దాని మీద కాదులే. ఏం చూసి నమ్మింది రా నిన్ను? ఆ నమ్మకంలో గోరంత నా మీదుంటే నేను ఎడ్మంటన్ వచ్చేదాన్నా? రెనీకి కూడా చెప్పలేదు ఇంకా. అది నీతో పోట్లాడుతుంది, ట్రైలర్ అమ్ముతుంది, నిన్ను నాలుగు రోజులు సోఫాలో పడుకోబెడుతుంది. అయితే పిల్లకి ఒరిగేదేంటి? అమ్మా అమ్మమ్మా కలిసి నాన్నని ఆడిపోసుకుంటున్నారనుకుంటుంది. నువ్వే చెప్పాలి. నీ దగ్గరే ఉంది దాని అన్నం.

మళ్ళీ ఫోనా? ఏంటి, తర్వాత చెబుతావా? నోరు బాగయ్యాకా? అప్పటిదాకా అది స్ట్రాతో బతకాలా? తల ఊపడానికి దవడ అక్కర్లేదు. అవునంటే పైకీ కిందకీ, కాదంటే అటూ ఇటూ. గుర్రాలకి కూడా వస్తుంది.

టీగన్! లోపలికి రామ్మా.

రా, రా. అంత దూరంగా నించున్నావేం? కరవడు, నోరు కట్టేశారుగా. ఇదిగో, ఇటు మంచం మీద కూర్చో. వాపు చూసి భయపడకు, మీ నాన్న మొహం మామూలుగా కూడా అంత గొప్పదేం కాదు. చూడు, నవ్వబోయి నొప్పి తెచ్చుకున్నాడు.

టీగన్, నేను మీ నాన్నని కొన్ని మాటలు అడుగుతా. ఆయన తల ఊపుతాడు. నువ్వు నన్ను చూడకు, ఆయన్నే చూడు.

ట్రెంట్. శనివారం నువ్వు బిస్కెట్ ఎక్కి రేసు పెట్టావా?

నేను ఆగుతా. ఎంతసేపైనా ఆగుతా.

చూశావా బంగారం? అవునన్నాడు. క్లచ్ నువ్వే కాల్చావా? అవును. ఆ స్క్రూ నువ్వే తిప్పావా? గట్టిగా ఊపు, పిల్లకి కనపడాలి. ఆ, అవును. టీగన్ తప్పు ఏమైనా ఉందా ఇందులో?

లేదు. లేదంటున్నాడు చూడమ్మా. అటూ ఇటూ ఎలా ఊపుతున్నాడో. చాలు నాయనా చాలు, కుట్లు ఊడతాయి. ఏడవకు, ముక్కు మూసుకుపోతే ఊపిరెలా ఆడుతుంది నీకు? ఉండు, తుడుస్తా.

ఏంటమ్మా? చెవిలో చెబుతావా? చెప్పు.

ఊఁ.

ఊఁ...

మళ్ళీ చెప్పు.

సరే తల్లీ. సరే. ఒట్టు. నువ్వెళ్ళి ఆ మూల యంత్రం దగ్గర నాకో చాక్లెట్టు, నీకో చాక్లెట్టు తీసుకురా. నమిలి తినేదే తీసుకో. ఇదిగో నా పర్సు.

వెళ్ళింది.

ఏమందని అడగవేం? భయమా? నీ మీద కోప్పడిందేమో, ఇక ఎప్పటికీ మాట్లాడనందేమో అనుకుంటున్నావా? నేనూ అలాగే అంటుందనుకున్నా. అననివ్వు, దులిపెయ్యనివ్వు, నీకు బుద్ధొస్తుంది అనుకున్నా. దారంతా ఆ ఒక్క మాట కోసమే ఉబలాటపడుతూ వచ్చా.

"అమ్మకి చెప్పకు అమ్మమ్మా. నాన్నని తిడుతుంది, ట్రైలర్ అమ్మేస్తుంది. నేనే చేశాననుకోనీ, నన్నైతే తిట్టదుగా" అంది. నా చెయ్యి మీద చెయ్యేసి ఒట్టు కూడా వేయించుకుంది.

విన్నావా?

నిన్ను ఎన్ని తిట్టాలో అన్నీ కూడబలుక్కుని వచ్చా ట్రెంట్. ఒక్కటీ గుర్తు రావట్లేదు.

అదిగో, రెనీ నవ్వు, లిఫ్టు దగ్గర. వచ్చేస్తోంది. ఫోను నీ పక్కనే ఉంది. నేను మాటిచ్చేశా, నా నోరు కూడా కట్టేసినట్టే. ఇక నువ్వే చెబుతావో, ఏడేళ్ళ పిల్ల చాటున దాక్కుంటావో నీ ఇష్టం నాయనా. నాకేం!